బియ్యం మనది, రేవు పక్క రాష్ట్రానిది: పోర్టులు బాగుపడితే నల్లగొండకు ఏం ఒరుగుతుంది?

తీరం_ఉద్యోగి (దామరచర్ల)

మాది దామరచర్ల. తూర్పు తీరంలో ఓ పోర్టులో బెర్త్ (ఓడను కట్టి సరుకు ఎక్కించే చోటు) ప్లానింగ్‌లో పని చేస్తున్నాను. ఏ ఓడను ఎప్పుడు లోపలికి తేవాలి, ఏ బెర్త్‌కు కట్టాలి, దానికి ఎన్ని క్రేన్లు, ఎన్ని గ్యాంగులు (హమాలీల జట్లు) పెట్టాలి అన్నది చూసే పని. ఊరికి వచ్చినప్పుడల్లా మిల్లుల వాళ్లు పట్టుకుని అడిగేది ఒకటే. పోర్టులకు అన్ని కోట్లు పెడుతున్నారు కదా, మరి మా లారీ గేటు బయట ఎందుకు పడి ఉంటోందని. నలుగురికీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పోర్టు మోడర్న్ అయిందనగానే అందరి చూపూ పెద్ద క్రేన్ల మీదకు, కొత్త బెర్తుల మీదకు పోతుంది. లోపల పని చేసేవాళ్లం చూసే లెక్కలు వేరు. ఓడ లంగరు వేసి బెర్త్ కోసం ఎన్ని గంటలు ఆగింది? బెర్త్‌కు కట్టాక సరుకు లేక ఎన్ని గంటలు ఊరికే ఉంది? లారీ గేటు లోపలికి వచ్చి బయటికి పోవడానికి ఎంతసేపు పట్టింది? రేక్ (పూర్తి గూడ్స్ రైలు) ఎంతసేపు నిలబడింది? ఈ ఎదురుచూపులు తగ్గితేనే పోర్టు మారినట్టు. ఎంత పెద్ద క్రేన్ తెచ్చినా దాని కిందికి సరుకు రాకపోతే ఆ డబ్బు దండగే.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. ఈ ఎదురుచూపులన్నీ సముద్రం ఒడ్డున పుట్టినవి కావు. చాలావరకు మన గూడ్స్ షెడ్ దగ్గర, మన సింగిల్ రైల్వే లైన్ మీద, మన కాగితాల దగ్గరే మొదలవుతాయి. 2025 మార్చి 31న ఫిలిప్పీన్స్‌కు తెలంగాణ బియ్యం మొదటి ఓడ కాకినాడ నుంచి కదిలింది. మన హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి జెండా ఊపారు. 12,500 టన్నులు, ఎంటీయూ 1010 రకం. ఓడల లెక్కలో అది చిన్న లోడే. మన వైపు నుంచి చూస్తే 25 టన్నుల లారీలు 500 అవుతాయి. రైల్లో అయితే 42 వ్యాగన్ల రేకులు దాదాపు ఐదు. ఆ 500 లారీలు ఏ రోజు ఎన్ని బయలుదేరాలో ఎవరూ ప్లాన్ చేయకపోతే ఏ పోర్టు గేటైనా జామ్ అవుతుంది.

మిల్లర్_మిర్యాలగూడ

తమ్మీ, మంచి విషయం ఎత్తావు. కానీ మిల్లుల తప్పే అన్నట్టు రాయకు. మేం పడ్డ బాధ కూడా విను. 2023 జులై 20న తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. సరే, మిర్యాలగూడ బతికేది బాయిల్డ్ (ఉప్పుడు) బియ్యం మీద కదా అనుకునేలోపు ఆగస్టు 25న దాని మీద 20 శాతం సుంకం వేశారు. మాట ఇచ్చిన ధరకు సరుకు పంపలేం, పంపకపోతే కొన్నవాడు ఊరుకోడు. 2024 సెప్టెంబర్‌లో సుంకాన్ని 10 శాతానికి తగ్గించారు, అక్టోబర్‌లో మొత్తం ఎత్తేశారు. ఈలోగా ఆఫ్రికాలో మా దగ్గర కొనే పార్టీలు వేరే దేశాల దగ్గర కొనడం అలవాటు చేసుకున్నాయి. అంత టెన్షన్ పడి మళ్లీ ఆర్డర్ తెచ్చుకుంటే, వాన పడి ఓడ ఆగిందని డెమరేజ్ (ఆలస్యానికి కట్టే సొమ్ము) మా నెత్తిన వేస్తున్నారు. వానకు మేం డబ్బు కట్టడమేంటి? ఇది జర వివరంగా చెప్పు.

తీరం_ఉద్యోగి (దామరచర్ల)

అన్నా, తప్పు మిల్లులదని కాదు. గొలుసులో మన కొస కూడా ఉందని చెబుతున్నా. డెమరేజ్ సంగతి చెబుతా, ముందు కాకినాడలో పని ఎలా జరుగుతుందో చూడండి.

కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకు రాదు. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటం వల్ల లోపలి నీళ్లలో అలల పోటు తక్కువ. ఓడ అక్కడ లంగరు వేస్తుంది. రేవు దగ్గర లారీ నుంచి బస్తాలు దించి హమాలీలు బార్జిలో (చదునైన సరుకు పడవలో) పేరుస్తారు. బార్జి ఓడ పక్కకు చేరాక, ఓడ మీది క్రేన్ స్లింగులో (తాళ్ల ఉచ్చులో) బస్తాలను ఎత్తి హ్యాచ్‌లోకి, అంటే ఓడ పొట్టలోని సరుకు గదిలోకి దించుతుంది. కింద ఇంకో గ్యాంగు వాటిని విప్పి వరసగా పేరుస్తుంది. టాలీ రాసేవాళ్లు ప్రతి స్లింగు లెక్క పెడుతుంటారు. ఒక్క బస్తా మీద ఎన్ని చేతులు పడుతున్నాయో గమనించండి. మబ్బు కమ్మితే చాలు, హ్యాచ్ మూతలు మూయాలి, బార్జిల మీద టార్పాలిన్లు కప్పాలి. వాన గంటే పడినా పోయేది గంట కాదు. మూత మీద నీళ్లు తుడిచి తెరవాలి, చెదిరిన గ్యాంగు మళ్లీ కూడాలి, తడిసిన బస్తాలు ఏరి పక్కన పెట్టాలి.

ఇప్పుడు డెమరేజ్. ఓడ అద్దె ఒప్పందంలో లోడింగ్‌కు కొంత గడువు రాస్తారు, దాన్ని లేటైమ్ అంటారు. బియ్యం లాంటి సరుకుకు మామూలుగా పని చేయగలిగే వాతావరణం ఉన్న రోజులనే లెక్కిస్తారు. అంటే వాన గంటలు గడువులోంచి పోవు. మన వాళ్లకు దెబ్బ తగిలేది ఆ తర్వాత. గడువు దాటి డెమరేజ్ మొదలైందంటే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఇక వాన పడినా సెలవొచ్చినా మీటర్ ఆగదు. కాబట్టి వాన లేని మొదటి రోజుల్లో సరుకు అందక ఓడ ఖాళీగా ఉంటే, దాని శిక్ష చివర్లో వాన రోజున పడుతుంది. మీరు కట్టింది వానకు కాదన్నా, మొదట్లో రాని లారీలకు. ఎఫ్ఓబీ కింద (సరుకు ఓడ ఎక్కించే వరకు బాధ్యత అమ్మినవాడిది అన్న పద్ధతిలో) అమ్మేటప్పుడు ఓడను సరుకు కొన్నవాడు తెచ్చినా లోడింగ్ ఆలస్యం అమ్మినవాడి ఖాతాలో పడేలా రాస్తారు. సంతకం పెట్టే ముందు ఆ క్లాజు తెలిసినవాళ్లతో చదివించండి.

ఓడను నేరుగా బెర్త్‌కు కడితే బార్జి అంచె తప్పుతుంది. 2021లో యాంకరేజ్ దగ్గర రద్దీ పెరిగినప్పుడు కాకినాడ డీప్ వాటర్ పోర్టులో కూడా బియ్యానికి దారి ఇచ్చింది అందుకే.

కోదాడ_లారీ

గేటు బయట మా బతుకు ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ కట్టుకుంటూ పోతాం. తీరా పోయాక ఓ పోర్టు బయట మా డ్రైవర్లు రోజుల తరబడి రోడ్డు పక్కన పడుకున్నారు. తాగడానికి నీళ్లు కొనుక్కోవాలి, కాలకృత్యాలకు చోటు లేదు. ఎందుకు ఆపారంటే పేపర్ రాలేదంటారు. ఎవరి పేపర్, ఎక్కడ ఆగింది, చెప్పే మనిషి ఉండడు. కిరాయి టన్ను లెక్కన మాట్లాడుకుంటాం, ఆగిన రోజులకు పైసా రాదు. టైర్లు, కిస్తీలు మాత్రం ఆగవు. మోడర్న్ అంటే ముందు డ్రైవర్‌కు ఓ బాత్రూమ్, ఓ బెంచీ కట్టండి.

తీరం_ఉద్యోగి (దామరచర్ల)

కోదాడ అన్న రాసింది అక్షరాలా నిజం. నా దృష్టిలో పోర్టులో పెట్టే ప్రతి రూపాయిలో మొదటిది గేటు మీద పెట్టాలి. గేటుకు ముందే పార్కింగ్ యార్డు, నీళ్లు, మరుగుదొడ్లు, క్యాంటీన్. లారీకి టైమ్ స్లాట్. స్లాట్ ప్రకారం వచ్చిన బండికి అంటించిన ట్యాగును ఆర్ఎఫ్ఐడీ రీడర్ చదివి, వేబ్రిడ్జి బరువు దానంతట అదే సిస్టమ్‌లోకి ఎక్కాలి. చేత్తో రిజిస్టర్ రాసే గేటు ఎంత వెడల్పున్నా ఇరుకే.

ఇక ‘పేపర్ రాలేదు’ అన్న మాట. ఎగుమతికి షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పడుతుంది. పురుగు చావడానికి మందు పొగ పట్టినట్టు ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్, సరుకులో తెగుళ్లు లేవని ఫైటోశానిటరీ సర్టిఫికెట్ విడిగా కావాలి. వీటిలో ఏది పెండింగ్ ఉన్నా సరుకు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. కాగితాల పని సగంలో ఉండగానే లారీ లోడ్ చేసి ‘పో, అక్కడ చూసుకుందాం’ అని పంపేవాళ్లు ఉన్నారు. అక్కడ ఆగిన రోజుల ఖర్చు చివరికి డ్రైవర్ నెత్తిన పడుతోంది. కంటైనర్ అయితే మిల్లులోనే నింపి ఎలక్ట్రానిక్ సీల్ వేసి పంపే పద్ధతి 2017 నుంచే ఉంది.

రిటైర్డ్_గూడ్స్_గార్డ్ (విష్ణుపురం)

లారీల గోల చదివాను. రైలు గురించి నేను చెబుతాను, ఈ లైన్ మీదే సర్వీసు చేశాను. బీబీనగర్–నడికుడి లైన్ మన జిల్లాకు ప్రాణం. నల్లగొండ, మిర్యాలగూడ, విష్ణుపురం దాటి కృష్ణ మీదుగా గుంటూరు వైపు పోతుంది. విష్ణుపురం నుంచి మేళ్లచెర్వు, జగ్గయ్యపేట మీదుగా మోటమర్రికి ఇంకో దారి ఉంది, సిమెంటు బండ్లకు అదే ఆధారం. ఇన్ని ఫ్యాక్టరీలు, ఇన్ని మిల్లులు ఉన్నా మెయిన్ లైన్ సింగిలే. ఎదురు బండి వస్తే లూప్‌లో (స్టేషన్ పక్క లైనులో) నిలబడాలి. ప్యాసింజర్ వస్తే గూడ్స్ ఆగాలి, ఎక్స్‌ప్రెస్ వస్తే రెండూ ఆగాలి. సిగ్నల్ కోసం చూస్తూ బ్రేక్‌వ్యాన్‌లో (బండి చివరి గార్డు పెట్టెలో) గడిపిన రాత్రులకు లెక్క లేదు.

గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కు (రెండో లైను వేయడానికి) 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. అదే రోజు మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగ్‌కూ ఆమోదం వచ్చింది. కొత్త బందరు పోర్టు కన్నా ముందు మన వాళ్లు పట్టుబట్టాల్సింది ఈ రెండో లైను కోసం. అది లేకుండా మిర్యాలగూడలో డ్రై పోర్టు (సముద్రానికి దూరంగా సరుకు చేర్చి రేవుకు పంపే యార్డు) కట్టినా బండ్లు అందులోనే నిలబడతాయి.

ఇంకోటి. రేక్ ఇచ్చాక రైల్వే ఇచ్చే ఫ్రీ టైమ్ దాటితే అక్కడా డెమరేజ్ ఉంది. షెడ్‌లో లైటు లేక, హమాలీలు చాలక, పొడవాటి ప్లాట్‌ఫాం లేక రేక్‌ను రెండు ముక్కలు చేసి షంటింగ్ చేస్తుంటే గంటలు గంటలు పోతాయి. ఫుల్ రేక్ ఒక్కసారే నిలబడే లైను, రాత్రి కూడా పని చేయడానికి లైట్లు, పైకప్పు. ఇవి వందల కోట్ల పనులు కావు బాబూ.

నీలగిరి_లెక్చరర్

బందరు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. హైదరాబాద్ నుంచి పోయే 65వ నంబర్ జాతీయ రహదారి మచిలీపట్నంలోనే ముగుస్తుంది. ఇది ఈనాటి దారి కాదు. గోల్కొండ సుల్తానులకు పెద్ద రేవు మచిలీపట్నమే. ఇంగ్లీషు వాళ్లు 1611లో అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు, డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. 17వ శతాబ్దంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ గోల్కొండ నుంచి తూర్పుకు పోయే దారిలో మజిలీలు రాస్తూ పంతంగి, పానగల్ పేర్లు చెప్పాడు. ఇప్పుడు టోల్ గేటు ఉన్న పంతంగే, మన ఛాయా సోమేశ్వరాలయం ఉన్న పానగల్లే. ఈ జిల్లా ఎప్పుడూ రేవు దారిలోనే ఉంది. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెనలో ఆ పట్నంలో, చుట్టుపక్కల దాదాపు 30,000 మంది చనిపోయారు. కానీ రేవు చితికిపోయింది ఒక్క ఉప్పెనతో కాదు, ఒడ్డు మేట వేస్తూ రావడంతో. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు కట్టే పోర్టుకు ఆ బాధ ఉండదా?

తీరం_ఉద్యోగి (దామరచర్ల)

సార్, ఆ బాధ ఎప్పటికీ ఉంటుంది. తూర్పు తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుంటూ పోతాయి. దానికి అడ్డంగా బ్రేక్‌వాటర్ (అలలను ఆపే రాతి గట్టు) కట్టగానే దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖలో రేవు దగ్గర చేరే ఇసుకను డ్రెడ్జర్లతో తీసి ఆర్కే బీచ్ వైపు పోయడం అందుకే. మచిలీపట్నం దగ్గర కృష్ణా డెల్టా మట్టి కూడా తోడవుతుంది, సముద్రపు అడుగు కూడా మెల్లగా వాలుతుంది. లోతు కావాలంటే పొడవైన ఛానల్ తవ్వాలి, తవ్విందాన్ని ఏటా కాపాడుకోవాలి.

లోతు ఎందుకంత ముఖ్యమంటే, డ్రాఫ్ట్ (ఓడ నీళ్లలో మునగగలిగే లోతు) ఒక్క మీటర్ తగ్గినా పెద్ద ఓడ వేల టన్నుల సరుకు వదిలేసి పోవాల్సి వస్తుంది. బల్క్ సరుకు (బస్తాలు, పెట్టెలు లేకుండా విడిగా పోసే సరుకు) తూకం కూడా ఓడ ఎంత మునిగిందన్న దాని మీదే ఆధారపడుతుంది. సర్వేయర్ లోడింగ్‌కు ముందు, తర్వాత పడవలో ఓడ చుట్టూ తిరిగి ముందు, మధ్య, వెనక రెండు వైపులా పొట్ట మీద రాసిన అంకెలు చదువుతాడు. అల పైకి లేచినప్పుడు ఒక అంకె, దిగినప్పుడు ఒక అంకె కనిపిస్తుంది. ఓపికగా మధ్య లెక్క తీయాలి. బకెట్‌తో సముద్రం నీళ్లు తోడి హైడ్రోమీటర్ ముంచి సాంద్రత చూస్తాడు. ఆ తేడాల నుంచే ఎన్ని వేల టన్నులు ఎక్కాయో తేలుతుంది. కొత్తగా చేరినప్పుడు నన్ను బాగా ఆకట్టుకున్న పని అదే.

బందరుకు 2008 నుంచి శంకుస్థాపనలు చూస్తున్నాం. 2023 మేలో మళ్లీ మొదలుపెట్టిన పని ఇప్పుడు సాగుతోంది, మొదటి దశలో నాలుగు బెర్తులు. మిర్యాలగూడకు ఇదే దగ్గరి రేవు అవుతుంది. అది తెరిచే నాటికి మన వైపు సిద్ధంగా ఉండాలి.

జడ్చర్ల_స్టోర్స్

అన్నా, నేను పోలేపల్లి సెజ్‌లో ఓ మందుల కంపెనీ స్టోర్స్‌లో పని చేస్తాను. ఓడ ఎక్కే మా కంటైనర్లు ముంబై దగ్గరి నవాషేవాకే పోతాయి. బందరు తెరిస్తే మా పాలమూరు సరుకు కూడా అటు వస్తుందా?

తీరం_ఉద్యోగి (దామరచర్ల)

వెంటనే రాదు చెల్లె. బల్క్ ఓడ సరుకు ఉన్నచోటికి పిలిస్తే వస్తుంది. కంటైనర్ ఓడ అలా కాదు, బస్సులాగా రూటు, టైమ్‌టేబుల్ ప్రకారం తిరుగుతుంది. వారం వారం ఖాయంగా సరుకు దొరుకుతుందన్న నమ్మకం ఉంటేనే ఆ రేవులో ఆగుతుంది. నవాషేవా నుంచి యూరప్, అమెరికాలకు నేరుగా ఓడలున్నాయి. తూర్పు తీరం పెట్టెలు ఎక్కువగా కొలంబో, సింగపూర్, పోర్ట్ క్లాంగ్‌లలో ఓడ మారతాయి. మీ కంపెనీకి కిరాయి కన్నా తేదీ ముఖ్యం.

ఖాళీ పెట్టెల సమస్య ఇంకోటి. హైదరాబాద్ చుట్టుపక్కల దిగుమతి సరుకు దించాక ఖాళీ అయ్యే పెట్టెలు సనత్‌నగర్, తిమ్మాపూర్ ఐసీడీల్లో (లోతట్టు కంటైనర్ డిపోల్లో) చేరతాయి. వాటిని మిర్యాలగూడకు తెచ్చి బియ్యం నింపితే రెండు వైపులా బండి లోడ్‌తో నడుస్తుంది. ఈ జత కుదిర్చితేనే కంటైనర్ రేటు బియ్యానికి గిట్టుబాటు అవుతుంది. పెట్టె లోపల క్రాఫ్ట్ పేపర్ పరిచి, తేమ పీల్చే సంచులు వేలాడదీయడం మరవకూడదు. పగలు ఎండ, రాత్రి చల్లదనానికి పైకప్పు చెమర్చి పై వరస బస్తాలు పాడవుతాయి.

పాలమూరు_మట్టిమనిషి (అచ్చంపేట)

అందరూ సరుకు గురించే మాట్లాడుతున్నారు. మా నాన్న, మా పెదనాన్న డ్యాములు, కాలువలు, రేవు పనులు అంటూ దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్. వాళ్లు మోసిన రాళ్ల మీద ఎవరెవరో నిలబడ్డారు. కాకినాడ బార్జిల మీద బతికే హమాలీల సంగతి ఏంటి? బెర్త్‌కు కడితే బార్జి అంచె తప్పుతుందని సులువుగా రాశారు. ఆ అంచెలో ఎన్ని ఇళ్లు ఉన్నాయి?

తీరం_ఉద్యోగి (దామరచర్ల)

అన్నా, మీ ప్రశ్న న్యాయమైనది. యంత్రం రాకముందే హమాలీ సంఘాలతో కూర్చుని, ఎవరికి ఏ పని, ఏ వయసు వాళ్లకు ఎంత పరిహారం, ఎవరికి శిక్షణ అన్నది రాతపూర్వకంగా తేల్చాలి. యంత్రం వచ్చాక మాట్లాడుకుందామంటే మాట్లాడేవాళ్లు మిగలరు. అలాగని 50 కిలోల బస్తా ఎండలో మోయడం కొనసాగాలని కూడా నేను అనలేను. వాళ్ల నడుములు, మోకాళ్లు దగ్గర్నుంచి చూస్తున్నాను. కేరళ విళింజం పోర్టులో మత్స్యకార కుటుంబాల ఆడపిల్లలు శిక్షణ తీసుకుని, కంట్రోల్ రూమ్‌లో కూర్చుని యార్డ్ క్రేన్లు నడుపుతున్నారు. అది మన పిల్లలకూ సాధ్యమే.

దేవరకొండ_డిగ్రీ

సార్, ఆ శిక్షణకు ఎక్కడ చేరాలి? మా ఇంట్లో సముద్రం చూసినవాళ్లే లేరు.

తీరం_ఉద్యోగి (దామరచర్ల)

తమ్ముడూ, విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, కోర్సుల వివరాలు వాళ్ల సైట్‌లో చూడు. అన్నిటికీ ఇంటర్‌లో ఎంపీసీ అక్కర్లేదు. లాజిస్టిక్స్, కస్టమ్స్ డాక్యుమెంటేషన్ వైపు బీకామ్ వాళ్లకూ చోటుంది. హైదరాబాద్‌లో ఏదైనా కస్టమ్స్ బ్రోకర్ దగ్గర ముందు పని నేర్చుకుంటే ఇంకా మంచిది.

చౌటుప్పల్_వాసి

డ్రై పోర్టు మిర్యాలగూడలో ఎందుకు? మా చౌటుప్పల్ దగ్గర పెడితే 65వ హైవే, రీజనల్ రింగ్ రోడ్డు రెండూ కలుస్తాయి. హైదరాబాద్ దిగుమతులూ వస్తాయి, నల్లగొండ ఎగుమతులూ వస్తాయి.

మిల్లర్_మిర్యాలగూడ

మా బియ్యం చౌటుప్పల్‌కు వెనక్కి పోయి మళ్లీ తూర్పుకు రావాలా? ఆ కిరాయి ఎవరు కడతారు? అసలు వజీరాబాద్ నుంచి విజయవాడకు కృష్ణలో జలమార్గం అన్నారు, 2008లోనే 4వ నంబర్ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అదేమైంది?

రిటైర్డ్_గూడ్స్_గార్డ్ (విష్ణుపురం)

వజీరాబాద్ మా పక్క ఊరే. 157 కిలోమీటర్ల దారి అన్నారు. 2017లో పని మొదలుపెట్టింది కింద ముక్త్యాల–విజయవాడ మధ్య. మనకూ ముక్త్యాలకూ మధ్య పులిచింతల డ్యామ్ ఉంది. వేసవిలో నీళ్లు ఉండే గ్యారంటీ లేదు. దాని మీద ఆశ పెట్టుకుని రైలును వదలకండి.

తీరం_ఉద్యోగి (దామరచర్ల)

చౌటుప్పల్ మిత్రుడి వాదనలో బలం ఉంది, దిగుమతుల కంటైనర్లకు అది సరైన చోటు. బియ్యం, సిమెంటు, బొగ్గు లాంటి ఫుల్ రేక్ సరుకుకు మాత్రం పట్టాల పక్కనే, మిల్లుల పక్కనే ఉండాలి. నా ఓటు మిర్యాలగూడ–విష్ణుపురం మధ్యకే. ముందే కస్టమ్స్ ఉండే పూర్తి ఐసీడీ అడగక్కర్లేదు. రైల్వే 2021 డిసెంబర్‌లో తెచ్చిన గతిశక్తి కార్గో టర్మినల్ పాలసీ కింద ప్రైవేటు వాళ్లు కూడా ఫుల్ రేక్ టర్మినల్ కట్టుకోవచ్చు. కస్టమ్స్ తర్వాత తెచ్చుకోవచ్చు.

అడిగేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోవాలి. విశాఖ పోర్టు కేంద్రం కింద ఉంది. కాకినాడ, కృష్ణపట్నం, మచిలీపట్నం ఏపీ మారిటైమ్ బోర్డు కిందికి వస్తాయి. ఆ బల్ల దగ్గర తెలంగాణకు కుర్చీ లేదు. హైదరాబాద్ దగ్గరి ఫ్యూచర్ సిటీ నుంచి బందరుకు గ్రీన్‌ఫీల్డ్ హైవే అని మన ప్రభుత్వం అడుగుతోంది, మంచిదే. దాంతో పాటు రేవులో మన సరుకుకు గోదాములు, రేకులకు లైను కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. బెర్తుల వెనక స్థలం పంచేశాక ఎవరూ వినరు.

మిల్లర్ అన్నా, మీ అసోసియేషన్ తరఫున ఒక పని చేయండి. గత రెండు సీజన్లలో నెలవారీగా ఎంత బియ్యం, ఏ రేవుకు, లారీలో ఎంత, రైల్లో ఎంత పంపారో సభ్యుల దగ్గర తీసుకోండి. లారీ ఎన్ని రోజులు ఆగిందో కోదాడ అన్న యూనియన్ దగ్గర ఉంటుంది. టర్మినల్ కట్టేవాడైనా, రైల్వే డివిజన్ ఆఫీసైనా మొదట అడిగేది నెలకు ఎన్ని రేకులు ఖాయంగా ఇస్తారనే.

మిల్లర్_మిర్యాలగూడ

చేస్తాం తమ్మీ. ఈ ఆదివారం మీటింగ్ ఉంది, అందులో పెడతా. గార్డు సార్, షెడ్‌కు ఏమేం కావాలో మీరు ఓ కాగితం మీద రాసిస్తే దాన్ని కూడా కలిపి పంపుతాం.

కోదాడ_లారీ

మా యూనియన్ లెక్కలు నేను తెస్తా. డ్రైవర్ల బాత్రూమ్ సంగతి కూడా అందులో రాయాలి, మొదటి పేజీలోనే.